చెప్పు విప్పిన కాలు

గిద్దలూరు స్టేషన్లో ఆ ఉదయం రైలు కోసం కూర్చున్నవాళ్లం ఇద్దరం: నేను, కుడికాలు బిగదీసి చాపుకున్న ఒక పెద్దాయన. సామాను మూడు: ఆయన చేతికర్ర, సద్ది మూట, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లతో వ్యాయామం చేయించడానికి నేను ఆస్పత్రులకు తీసుకెళ్లే వీఆర్ పరికరం.

ఆయన గొర్రెలు మేపుతాడు. ఆయనకూ మోకాలి ఆపరేషనై రెండు నెలలైనా, లోపలి కుట్లు తెగుతాయన్న భయంతో డాక్టరు చెప్పినట్టు మోకాలు వంచడం లేదు.

"కాలు రాకపోతే గొర్రెలెంట ఎవరు పోతారు? సోమారం బేరగాడొస్తాడు. మందంతా అమ్మేస్తాండా," అన్నాడు.

పరికరం ఆయన కళ్లకు తగిలించి, కోణం కొలిచే పట్టీ కాలికి కట్టాను. లోపల ఒక వాగు కనిపిస్తుంది. గట్టు మీద కూర్చున్నట్టుగా నీళ్లలో కాలు ఆడించాలి.

"ఏంది నాయనా, ఎండాకాలం ఇన్ని నీళ్లు యాడియి?"

"బొమ్మే పెదనాయనా. కాలు పెట్టు."

"ఉండు. గొర్రెలు తాగే నీళ్లల్లో చెప్పుల్తో ఎట్ల దిగేది?"

కుడికాలిని బల్ల కిందికి లాక్కుని, వంగి చెప్పు విప్పాడు. పరికరం తీశాక ఆయన ఇంకా వంగే ఉన్న తన మోకాలిని చాలాసేపు చూసుకున్నాడు.

"కుట్లేం తెగలేదే," అన్నాడు.

తర్వాత భార్యకు ఫోన్ చేశాడు. "ఏమే, ఆ బేరగాన్ని రావద్దని చెప్పు. ఎందుకంటే ఏంది? నేనే మేపుకుంటా."

చెప్పు విప్పినప్పుడు పట్టీలో నమోదైన కోణం తొంభై నాలుగు డిగ్రీలు.