స్టార్ టీచర్ అవార్డుపై నా ఘన విజయం

నిన్న సాయంత్రం కొండాపూర్ రోడ్డు మీద నేను తిన్నంత దుమ్ము ఇంకెవరూ తిని ఉండరు. అంతా నా నోటి పుణ్యమే. వినండి!

మా స్కూల్లో బస్ డ్యూటీ అంటే టీచర్లందరికీ దడ. స్కూలు వదిలాక గేటు దగ్గర నిలబడి పిల్లలందరినీ సరైన బస్సులు ఎక్కించాలి. ఆఖరి బస్సు కదిలేలోగా ఐటీ ఆఫీసులు కూడా వదులుతాయి. ఇగ ఆ ట్రాఫిక్‌లో గోపన్‌పల్లిలో మా ఇల్లు చేరేసరికి, ఆ దుమ్ముకు మా అమ్మే నన్ను గుర్తుపట్టదు!

మా ప్రిన్సిపాల్ మేడమ్ ఈమధ్య ఏదో కార్పొరేట్ ట్రైనింగ్‌కు వెళ్లొచ్చారు. రాగానే "మోటివేషన్" మొదలు. నెలకో స్టార్ టీచర్ అట, బంగారు రంగు బ్యాడ్జి అట! నిన్న స్టాఫ్ మీటింగ్‌లో మొదటి పేరు చెప్పబోతూ, "ఎవరికైనా అభిప్రాయాలుంటే చెప్పండి" అన్నారు.

కాలేజీలో మైకు వదలనిదాన్ని. నన్ను అడగాలా? లేచాను.

"మేమేమన్నా ఎల్‌కేజీ పిల్లలమా మేడమ్, స్టార్లు అంటించడానికి? మంచిగా పాఠం చెప్పడానికి రేకుముక్క ఆశ చూపించాలా?"

పక్కనున్న లెక్కల టీచర్ స్వరూపక్క నా చున్నీ లాగింది. "ఇగ చాలు, కూసో పిల్లా!"

పాపం, భయస్తురాలు అనుకున్నా. గొంతు ఇంకా పెంచాను. "ఆత్మాభిమానం ఉన్నవాళ్లెవరూ ఇది తీసుకోరు!"

చప్పట్లే చప్పట్లు! మేడమ్ కూడా కొట్టారు.

"ఎంత బాగా చెప్పారండీ! నిజానికి ఈ నెల స్టార్ మీరేనండి. బ్యాడ్జితో పాటు నెలరోజులు బస్ డ్యూటీ ఉండదని చెప్పబోయాను. మీ ఆత్మాభిమానం దెబ్బతీయకూడదు కదండీ! స్వరూపగారూ, తర్వాతి పేరు మీదే, రండి."

వెంటనే అందుకున్నాను. "మేడమ్, ఇప్పుడు అవార్డుకు అనుకూలంగా కూడా మాట్లాడతాను!"

"టైమ్ అయిపోయిందండి."

సాయంత్రం గేటు దగ్గర నేను విజిల్ ఊదుతుంటే స్వరూపక్క స్కూటీ ఆపింది. కొంగు మీద స్టార్ తళతళ! "స్టార్ నువ్వేనని నాకు ముందే తెలుసు. అందుకే కూసోమన్న. విన్నవా? జర ట్రాఫిక్ ఆపు, నేను పోవాలె."

ఆపాను. ఏం చేస్తా!

నా మొహం చూసి ఎల్‌కేజీ పాప ఒకతి బస్సు మెట్టు మీద ఆగింది. తన చేతి మీది స్టార్ స్టిక్కర్ ఊడదీసి నా చేతికి అంటించి, "గుడ్ గర్ల్" అంది.

రాత్రి స్నానానికి ముందు దాన్ని చిరగకుండా తీసి ఫోన్ వెనక అంటించుకున్నాను. స్వరూపక్కకు మాత్రం చెప్పకండి!