పైడమ్మ గెడ్డలో నేను చూసింది

ఊళ్లో నన్ను మంచి మనిషినంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ లోపల ఏళ్ల తరబడి కూర్చున్న బండ ఒకటి కదులుతుంది. నా పేరు చెప్పే ధైర్యం లేదు. జరిగింది మాత్రం మీకు చెబుతాను.

మాది సాలూరు వైపు, కొండల అడుగునున్న చిన్న టౌను. చుట్టూ ఖాళీ నేలలన్నీ లేఔట్లయిపోతుంటే, చందాలు వేసుకుని ఒక్క జాగానైనా కొని, ఇటుక పెట్టకుండా అలాగే వదిలేద్దామని ఊరివాళ్లం అనుకున్నాం. చివరికి రెండు జాగాలు తేలాయి. ఒకటి రోడ్డు పక్కన గడ్డిమైదానం. రెండోది కొండ మొదట్లో పైడమ్మ అనే ముసలావిడ నేల. దాని మధ్యలోంచి ఒక గెడ్డ పారుతుంది. ఇందుకని వేసుకున్న కమిటీలో కొండదారిన నడవగలిగేది నేనే కాబట్టి చూసి రమ్మని నన్ను పంపారు.

పైడమ్మే వెంట తీసుకెళ్లింది. వానలు వెనకబట్టిన రోజులు. పొద్దెక్కినా గెడ్డ లోయలోకి ఇంకా ఎండ దిగలేదు. రెండు గట్లమీదా చెట్లు మాడిపోయినట్టున్నాయి. కొమ్మల నిండా నల్లటి ఎండుటాకులు వేలాడుతున్నాయి. చచ్చిన చెట్లు చూపించడానికా ఇంత దూరం నడిపించింది అనుకున్నాను. ఆమె నన్నొక రాతి మీద కూర్చోబెట్టి, మాట్లాడొద్దని సైగ చేసింది.

ఎండ పైకొమ్మను తాకింది. ఒక ఆకు విచ్చుకుంది. నీలం. దాని పక్కది విచ్చుకుంది. అవి ఆకులు కావు, సీతాకోకచిలుకలు. ఎండ ఎంతమేర దిగితే అంతమేర, కొమ్మ తర్వాత కొమ్మ, చెట్టు తర్వాత చెట్టు, లోయ మొత్తం నీలంగా తెరుచుకుంటూ నా కాళ్లదాకా వచ్చింది. అప్పుడు లేచాయి. అన్ని రెక్కలు కలిస్తే చప్పుడుంటుందని నాకు తెలియదు. దూరాన వాన వస్తున్నట్టు వినిపించింది. నా జుట్టు మీద, మోచేతుల మీద, పైడమ్మ ముడతల మెడ మీద వాలాయి. ఊపిరి తీస్తే ఎగిరిపోతాయేమోనని భయం. బుగ్గలు తడిశాయని చాలాసేపటికి గాని తెలియలేదు.

తిరిగి వస్తుంటే పైడమ్మ అంది, "మా మరుదులు కంకర క్రషరోడికి ఇచ్చీమంటన్నారమ్మా. మీ ఊరోలు కొంటే ఇది ఇలాగే ఉంటాదని నా ఆశ. ఆలకి సెప్తావు కదా?"

"చెబుతానమ్మా."

మీటింగులో అందరూ నావైపు తిరిగారు. "ఏం లేదండీ, రాళ్లూ తుప్పలూ," అన్నాను.

ఎందుకన్నాను? జనం వస్తారు, కార్లొస్తాయి, ఆ రాతి మీద నిలబడి సెల్ఫీలు దిగుతారు, అందుకే దాచానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అందులో అబద్ధం లేదు. కానీ అసలు సంగతి అది కాదు. అంత గొప్పది నా జీవితంలో ఎప్పుడూ చూడలేదు, అది నాకొక్కదానికే ఉండాలనిపించింది. మళ్లీ వానాకాలం వెళ్లాక ఎవరికీ చెప్పకుండా వెళ్దామనుకున్నాను. మరి క్రషర్ మాట? విన్నాను. విననట్టున్నాను.

ఊరు గడ్డిమైదానం కొంది. ఏడాది తిరక్కుండానే కొండ మొదట్లో పేలుళ్లు మొదలయ్యాయి. నేను వెళ్లేసరికి చెట్లు లేవు, గెడ్డలో బూడిదరంగు నీళ్లు.

తర్వాతొకసారి పైడమ్మ సాలూరు బస్టాండులో కనిపించింది. తప్పుకునేలోపే చూసేసింది. "మీ ఊరోలికి నచ్చనేదేటమ్మా?" అని అడిగింది.

"నచ్చలేదు," అన్నాను.

"నువ్వేటి సేత్తావులే. నువ్వు సెప్పేవు, ఆలకి పట్టనేదు."

అని నన్నే ఓదార్చి, బుట్టలోంచి సీతాఫలాలు తీసి నా సంచిలో వేసింది. వద్దనలేదు. ఇంటికెళ్లి తిన్నాను. తియ్యగా ఉన్నాయి.

మొన్నటి వానల్లో పైడమ్మ పోయింది. నన్ను క్షమించగలిగింది ఆమె ఒక్కతే, ఆమెకి చెప్పలేదు. మీరు క్షమించాలని ఇది రాయడం లేదు. గడ్డిమైదానంలో సాయంత్రాలు పిల్లలు ఆడుకుంటారు. ఆ జాగా ఎంచిపెట్టింది నేనేనని పెద్దవాళ్లు వాళ్లకి చెబుతుంటారు. నేను తల వంచుకుని నడిచిపోతాను.

ఇన్నేళ్లలో నోరు విప్పి ఒక్కరికీ అనని మాట ఇప్పుడు మీతో అంటున్నాను. ఆ గెడ్డలో సీతాకోకచిలుకలు ఉండేవి. నేను చూశాను.