చివర 'ఎమ్' మర్చిపోకండి

మావయ్య పోయాడన్న కబురు నాకు ఇంట్లోవాళ్ళకన్నా ముందు ఆఫీసు చెప్పింది. పొద్దున్నే ఖల్లికోట బ్రాంచిలో నా కుర్చీలో కూర్చున్నానో లేదో, హెడ్డాఫీసు నుంచి మెయిలు: ఫలానా ఉద్యోగి ఖాతా వెంటనే మూసేయాలి, కారణం మరణం. ఆ ఫలానా ఉద్యోగి మా అమ్మ తమ్ముడు. అత్త ఫోను ఆ తర్వాత వచ్చింది. మనిషి పోయాడని తెలియగానే ఆయన ఇన్నేళ్ళు చాకిరీ చేసిన ఆస్పత్రి మొట్టమొదట చేసిన పని, ఆయన్ని లోపలికి రానివ్వకుండా తలుపు మూయడం. ఆ మీట నొక్కాల్సింది కూడా నేనే. నొక్కాను. నా ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది.

మా ఆస్పత్రికి ఒడిశాలోని బరంపురంలో మెయిన్, ఖల్లికోటలో బ్రాంచి. అక్కడి సర్వర్లు మావయ్య చూసేవాడు, ఇక్కడివి నేను. ఒకే పెద్ద యంత్రం లోపల విడివిడిగా చాలా కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించే సర్వర్లవి. ల్యాబు రిపోర్టులు ఒకదాంట్లో, మందుల స్టోరు ఒకదాంట్లో. ఈ పని నాకు నేర్పింది ఆయనే. శాంతమూర్తి అని రాస్తే అబద్ధం అవుతుంది. టీ చల్లారితే క్యాంటీనంతా వినపడేలా కేకలేసేవాడు. కొత్త సర్వరు ముందు కూర్చుంటే మాత్రం గొంతు తగ్గిపోయేది. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, తెర మీద టైముతో సరిచూసుకునేవాడు.

"ఒలే, ముందు టైము సూడు. టైములు కలవకపోతే ఇవి ఒకదాన్నొకటి నమ్మవు" అనేవాడు.

రెండు ఊళ్ళ సర్వర్లనీ కలిపేయాలని ఆయన పట్టుదల. ఒక్క పేరు, ఒక్క పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్తే రెండూ ఒకే తెర మీద కనబడాలి. దానికి రెండుచోట్లా లాగిన్ పేరులో '@' తర్వాత వచ్చే ముక్క ఒకటే ఉండాలి. మా బరంపురానికేమో ఒడియాలో ఒక పేరు, ఇంగ్లీషులో ఒక పేరు, మా ఇళ్ళల్లో ఒక పేరు. మెయిన్ ఆస్పత్రి సర్వరు పెట్టిన రోజు మావయ్య ఏమీ ఆలోచించకుండా నోటికి అలవాటైనట్టు 'బరంపురం' అని కొట్టేశాడు. మేనేజరుగారికి అది గిట్టలేదు. ఒడియా పేరు ఉండాలన్నారు. ఇప్పుడు మారిస్తే మొత్తం పీకి మళ్ళీ పెట్టాలని మావయ్య చెప్పాడు.

"పేరు ఏటైనా నాకు ఒకటే సార్. ఏటంటే, ఖల్లికోటలో పెట్టినప్పుడు దీన్తోనే కలపాల. ఏరే పేరు పెట్టేసి తర్వాత అతుకుదామంటే అతకదు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా చెవులతో విన్నాను.

ఖల్లికోట పని బయటి కంపెనీకిచ్చారు. మావయ్యని పిలవలేదు. మేనేజరుగారు చెప్పినట్టే వాళ్ళు 'బ్రహ్మపుర్' అని ఒడియా పేరుతో పెట్టి వెళ్ళిపోయారు. ఇంకేముంది, రెండూ కలవలేదు. ఒకరోజు ఇక్కడి సర్వరు నిలిచిపోతే బరంపురంలో కూర్చున్నవాళ్ళకి కనబడనే లేదు. డయాలిసిస్ పేషెంట్లు రిపోర్టుల కోసం వరండాలో పడిగాపులు పడ్డారు. మర్నాడు మీటింగులో తప్పంతా మావయ్యదే అన్నారు. ఇది ఆస్పత్రా, తెలుగు బడా అని మేనేజరుగారు ఒడియాలో అడిగారు. మావయ్య అంతకన్నా మంచి ఒడియాలో జవాబు చెప్పబోతే కూర్చోమన్నారు. ఆ వారమే ఆయన్ని సర్వరు గదిలోంచి తీసి ప్రింటర్లకి వేశారు.

తర్వాత ఏం చేశారో తెలుసా? మెయిన్ సర్వరు కదిపితే ఆస్పత్రి ఆగిపోతుందని, ఖల్లికోటది పీకి, మావయ్య చెప్పిన పద్ధతిలోనే, ఆయన పెట్టిన పేరులోనే కలిపారు. అంతా చక్కగా నడిచింది. తప్పు ఆయనది కాదని మాత్రం ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. మావయ్య ఇంక్రిమెంటు అడగలేదు, పాత కుర్చీ కూడా అడగలేదు.

"ఆ మేనేజరు మీటింగులో ఎలాగన్నాడో, అలాగే మీటింగులో సెప్పాల, నా తప్పు కాదని. అంతే" అనేవాడు, చేతులకంటిన ప్రింటరు సిరా తుడుచుకుంటూ. సెలవు రోజు మా ఇంటికి వచ్చినా అదే మాట. అమ్మ విసుక్కునేది. ఆ మాట వినకుండానే గుండెపోటుతో వెళ్ళిపోయాడు.

సంతాప సభలో మేనేజరుగారు ఫొటోకి దండ వేసి, ఈయన వల్లే మనకి ఇవాళ ఒకే పాస్‌వర్డ్ సౌకర్యం అన్నారు. నాకు సిగ్గేసింది, మేనేజరుగారి తరఫున. సభ అయ్యాక దగ్గరికి వెళ్ళి, ఆనాటి తప్పు మావయ్యది కాదని కూడా అనాల్సింది సార్ అన్నాను. పోయినవాళ్ళ విషయంలో పాతవి తవ్వకూడదమ్మా అన్నారు.

కిందటి వారం మేనేజరుగారు తనిఖీకి ఖల్లికోట వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. కొత్త కంప్యూటరు, ఆయన పేరు దానికింకా తెలియదు. మొత్తం టైపు చేయాలి. పేరు కొట్టి, '@' కొట్టి, అలవాటుగా 'బ్రహ్మపుర్' అని కొట్టారు. తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టారు. తెరుచుకోలేదు. నావైపు తిరిగి, స్పెల్లింగేమిటని అడిగారు.

ఒక్కొక్క అక్షరమే చెప్పాను. ఆయన కళ్ళజోడు పైకెత్తుకుని, ఒక్క వేలితో వెతుక్కుంటూ మా ఊరి పేరు మా ఇంట్లో అనుకునేటట్టే కొట్టుకుంటూ వచ్చి, ఆఖరి 'ఏ' దగ్గర ఆగారు.

"చివర 'ఎమ్' మర్చిపోకండి సార్" అన్నాను.