ఎడమ చెంప

నా ఎడమ చెంప మీద రూపాయి బిళ్ళంత నల్ల మచ్చ ఉంది. నా మనవరాలు అద్దం ముందు నిలబడి మొటిమలు గిల్లుకుంటుంటే నేను అరుస్తాను. ఒక్కోసారి కర్ర కూడా ఎత్తుతాను. "మొటిమకు ఇంత లొల్లి ఏంది తాతా?" అంటుంది ఆ పిల్ల. దానికి చెప్పాలనే ఇది రాస్తున్నాను. నేను బడికి పోయింది కొద్ది రోజులే. పెద్ద మాటలు రావు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అవి నైజాం రాజ్యం ఆఖరి ఏండ్లు. మాది నేరేడుచర్ల పక్కన ఊరు. మాకు గొర్లమంద ఉండేది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయిన, నేను, గొర్లు. అంతే మా ఇల్లు. నాకు పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. మీసం ఇంకా సరిగా రాలేదు గానీ ముఖం నిండా మొటిమలు వచ్చాయి. నుదురు, రెండు చెంపలు, గదవ. కొన్ని ఎర్రగా, కొన్ని చీము పట్టి. ఎండకు, వానకు గొంగడి కొసను ముడేసి తల మీద టోపీలాగా కప్పుకునేవాణ్ణి. లోపల చెమట కారేది. ఆ గొంగడితోనే ముఖం తుడుచుకునేవాణ్ణి. తలకు ఆముదం పెట్టేది నాయిన. అది నుదుటి మీదికి కారేది. ఇవన్నీ తప్పులని అప్పుడు నాకు తెలియదు.

ఊళ్ళు దొరల మీద తిరగబడ్డాయి. తిరగబడ్డవాళ్ళను పట్టడానికి పోలీసు క్యాంపులు వచ్చాయి. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు షెడ్డులో పెద్ద క్యాంపు పెట్టారు. దానికి ఒక జమేదారు. ఒకనాడు జొన్నచేను గట్టు మీద ఎవడో వడిసెల తిప్పి రాయి కొడితే అది పోయి ఆ జమేదారు కంట్లో తగిలింది. కింద పడ్డవాడి మీదికి వంగి, ఆ కొట్టినవాడు తుపాకీ గుంజుకుపోయాడు. అప్పుడు జమేదారు మిగిలిన కంటితో వాడి ముఖం చూశాడు. ముఖం నిండా మొటిమలు. ఒంటి మీద గొంగడి. ఎడమ చెంప మీద పాత గాటు, గుంట పడి ఉంది.

ఇంక చూడండి. మొటిమలున్న పోరగాడు ఎక్కడ కనిపించినా పట్టుకుపోవడమే.

నేను సూర్యాపేట అంగట్లో దొరికాను. నాయిన గొర్రెపోతు పళ్ళు చూపించి బేరమాడుతున్నాడు. వెనక నుంచి ఎవరో గొంగడి పట్టి లాగారు. తిరిగేలోపు చెంప మీద దెబ్బ పడింది. మొటిమలు చిట్లి చీము, నెత్తురు ఆ పోలీసువాడి అరచేతికి అంటుకున్నాయి. వాడు చెయ్యి చూసుకుని "థూ" అని నా అంగీకే తుడుచుకున్నాడు. తరవాత చెయ్యి వాడలేదు. బెల్టు తీశాడు. బెల్టు బిళ్ళ నా నోటి మీద తగిలి పన్ను విరిగింది. నన్ను లారీలో వేశారు. నాయిన గొర్లను ఎక్కడ వదలాలో తెలియక, మందనంతా తోలుకుంటూ నడిచి నా వెనకే మిర్యాలగూడ వచ్చాడు. క్యాంపుకు మందతో రావడమంటే పులి నోటికి అందించడమే. ఆ తెలివి మాకు లేకపోయింది.

మిల్లు షెడ్డులో మా ఈడు వాళ్ళు చాలామంది ఉన్నారు. అందరి ముఖాలూ ఒకటే రకం. నన్ను ఒకడితో కలిపి ఒకే తాడుతో కట్టారు. వాడిది పెద్దవూర దిక్కు. ఒక రెడ్డి దగ్గర పాలేరుగా జీతమున్నాడట. వాడి వీపు మీద బట్ట చిరిగి చర్మానికి అంటుకుపోయి ఉంది. అయినా నవ్వాడు.

"మన మొఖాలకు పిల్లనిచ్చెటోడు రాడనుకున్న. పోలీసోళ్ళొచ్చిండ్రు సూడు, లారీ గట్టుకొని."

"నీకు నవ్వెట్ల వస్తుందిరా?"

"ఏడిస్తె ఉప్పు నీళ్ళు దిగి మంట లేస్తుందిరా, మొటిమల మీద."

వాడి చేతులు ముందుకు కట్టారు. మాట్లాడుతూనే వాడు గోళ్ళతో మొటిమలు గిల్లుతున్నాడు. ఒకటి గిల్లడం, గోడకు రాయడం. "గిల్లితె పోతయి. నువ్వు గూడ గిల్లు. పోతె ఇంటికి పంపుతరు" అన్నాడు. నేను గూడ గిల్లేవాణ్ణే. నా చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి.

జమేదారు వచ్చాడు. కంటికి గుడ్డ కట్టి ఉంది. ఒక్కొక్కణ్ణి లేపి చేతికి వడిసెల ఇచ్చి తిప్పమన్నాడు. నేను గొర్లకాపరిని, నాకు రాదంటే ఎవరు నమ్ముతారు? తిప్పాను. రాయి పోయి షెడ్డు రేకుకు ఠంగుమని తగిలింది. అందుకు మోకాళ్ళ మీద లాఠీతో కొట్టారు. పెద్దవూరవాడు తిప్పితే తాడు వాడి మెడకే చుట్టుకుంది. "నఖరాలు చేస్తున్నవా?" అని వాణ్ణి నాకంటే ఎక్కువ కొట్టారు.

తరవాత జమేదారు నా గదవ పట్టి ఎడమ చెంప దీపం దిక్కు తిప్పాడు. అంతా వాచి, చిట్లి, నెత్తురు గడ్డకట్టి ఉంది. గాటు ఉందో లేదో ఎవరికి కనిపిస్తుంది?

"సమజ్ అయితలేదు" అని ఉమ్మేశాడు. "నేను పట్నం పోత. గాజు కన్ను పెట్టించుకొని రెండు నెలలకు వస్త. అప్పటిదాంక మొఖం సాఫ్ చేస్కొని రా. గాటు లేకుంటె పో. ఉంటె గీన్నే బొంద." మిల్లు వెనక పెరడు చూపించాడు. అక్కడ కొత్తగా తవ్విన మన్ను ఉంది. ఆ పొద్దునే ఒకణ్ణి అందులో వేశారు. వాడు దెబ్బలకే పోయాడు, గాటు సంగతి తేలకముందే.

నాయిన కాళ్ళ మీద పడ్డాడు. జమేదారు అతన్ని బూటుతో తోసి, "నీ మంద గీడ ఉంటది. నువ్వు గీడనే కాస్తవు. నీ కొడుకు రాకుంటె నీ తోలు తీస్త" అన్నాడు. పెద్దవూరవాడి కోసం వాడి అన్నను పట్టి ఉంచారు. నన్ను మా మేనత్త ఊరు కోదాడలో దింపి రావడానికి నాయినను రెండు మూడు రోజులు వదిలారు.

హుజూర్‌నగర్ దాటకముందే పొద్దు గూకింది. చింతచెట్టు కింద ఆగాం. నాయిన మొలకు కట్టుకున్న సంచిలోంచి నల్లజీడి గింజ తీశాడు. గొర్రె కాలికి పుండు పడితే ఆ గింజను కాల్చి, కారే నూనె చుక్క పెడతారు. పుండు మాడిపోతుంది.

"గొర్రెకు తగ్గంగ నీకెందుకు తగ్గదు బిడ్డా? జర ఓర్సుకో" అన్నాడు.

ఎడమ చెంప మీద అన్నిటికంటే పెద్ద మొటిమ మీద పెట్టాడు. నిప్పు పెట్టినట్టయింది. నేను అరిస్తే నాయిన నా నోరు మూసి నా మీద కూర్చున్నాడు. తెల్లారేసరికి చెంప కుండలా ఉబ్బింది. కన్ను మూసుకుపోయింది. నీటి బొబ్బ లేచింది. నాయిన దాన్ని చూసి తన తల తనే రాతికి కొట్టుకున్నాడు. ఆ బొబ్బ గుంట పడితే నేను చచ్చినట్టే. కొడుక్కు గాటు తన చేత్తో పెట్టానని దారంతా ఏడుస్తూ నడిచాడు.

కోదాడలో అత్త తలుపు తీసి నన్ను చూడగానే నాయిన వీపు మీద చీపురుతో బాదింది.

"నీకు బుద్ధుందా తమ్ముడూ? పిల్లోడి మొఖానికి జీడి పెడతావా? వీడేమన్నా గొర్రెపిల్లనా?"

నాయిన దెబ్బలు తిన్నాడు. అన్నం కూడా తినకుండా క్యాంపుకు తిరిగి పోయాడు.

అత్త నన్ను ఎండలో కూర్చోబెట్టి ముఖమంతా చూసింది. గొంగడి తీసి వాసన చూసి దూరం విసిరింది. "ఇది రాసుకున్న కాడల్లా ఉన్నయ్ చూడు. నుదురు, చెంపలు, గదవ. ముక్కుకు తగల్లా, ముక్కు మీద ఒక్కటీ లేదు" అంది. ఆ రోజు నుంచి గొంగడి బంద్. తలకు నూనె బంద్. వేపాకు వేసి కాచి చల్లార్చిన నీళ్ళతో పొద్దున, సాయంత్రం ముఖం కడగాలి. రుద్దకూడదు. నానేసిన శనగపిండి పలచగా పూసి, ఎండకముందే కడగాలి. పాత చీర గుడ్డతో అద్దుకోవాలి, తుడవకూడదు. ఆ గుడ్డను రోజూ ఉడకబెట్టేది. దవాఖాన కాంపౌండరు దగ్గర గంధకం మలాం తెచ్చి మొటిమ మొటిమకూ చిన్న చుక్క పెట్టేది. అది మురిగిన గుడ్డు కంపు కొట్టేది. బొబ్బ జోలికి మాత్రం పోలేదు. తడిగుడ్డ కప్పడం, తీయడం, అంతే.

"అన్నిటికంటే పెద్ద మందేందో తెలుసా అల్లుడా? గోకమాకు. గిల్లమాకు. పొక్కు కట్టిందా, అదే రాలాలి. నువ్వు పీకితే గుంట పడుద్ది. గుంట పడితే ఏమయిద్దో నీకు నేను చెప్పాలా?"

నన్ను కాపలా కాసే పని అత్త కూతురిది. పదమూడేళ్ళ పిల్ల. కందికట్టె చేత పట్టుకుని నా ఎదురుగా కూర్చునేది. నా చెయ్యి చెంప దిక్కు లేస్తే చాలు, కణుపుల మీద పడేది. పోలీసుల దెబ్బకు, దాని దెబ్బకు పెద్ద తేడా లేదు.

"బావా, నీ మొఖం మీద జొన్నలు ఎండబోశావా? కాకులొస్తయ్, లోపలికి పో."

"నీ నోరు పడిపోను."

"నోరు పడినా చెయ్యి ఆడుద్ది. దించు చెయ్యి!"

పడుకునే ముందు నా రెండు చేతులూ మంచం కోళ్ళకు కట్టేది. మొదట్లో మొటిమలు తగ్గలేదు. ఇంకా నాలుగు కొత్తవి లేచాయి. నేను కోపంతో మలాం సీసా గోడకు కొట్టాను. అత్త నా చెంప పగలగొట్టబోయి, చెయ్యెత్తి, చెంప గుర్తొచ్చి, వీపు మీద కొట్టింది. "మొలకెత్తిన చేను ఆ రోజే పండుద్దా? ఆగు" అని మళ్ళీ మలాం తెచ్చింది. దురద పుట్టినప్పుడు నేను పళ్ళు బిగపట్టి క్యాంపు పెరట్లో మన్ను తలుచుకునేవాణ్ణి. చెయ్యి దానంతట అదే దిగేది.

నెల దాటాక ఎర్రదనం తగ్గడం మొదలైంది. ఒకనాడు పొద్దున ముఖం కడుగుతుంటే బొబ్బ మీది పొక్కు దానంతట అదే ఊడి చేతిలో పడింది. అత్త కూతురు కట్టె పారేసి పరిగెత్తుకొచ్చింది. అత్త కళ్ళు మూసుకుని వేలితో నా చెంప తడిమింది. మళ్ళీ తడిమింది. కింద చర్మం చదునుగా ఉంది. నల్ల మచ్చ మాత్రం మిగిలింది.

"గుంట లేదు" అంది. కూర్చుని ఏడ్చింది.

గడువు రోజు నేను మిర్యాలగూడ పోయాను. క్యాంపు గోడ మీద గొర్రె తోళ్ళు ఎండుతున్నాయి. చెవి గాటును బట్టి అవి మావే అని తెలిసింది. నాయిన బాగా చిక్కిపోయాడు. ఒక చెయ్యి వంకర పోయింది. నన్ను చూసి దగ్గరికి రాలేదు. దూరం నుంచే నా చెంప చూశాడు.

వరుసలో నా వెనక పెద్దవూరవాడు నిలబడ్డాడు. వాడి మొటిమలు కూడా తగ్గాయి. "సూడు, నాయి గిల్లితెనే పోయినయి" అన్నాడు సంతోషంగా. నేను వాడి ఎడమ చెంప చూశాను. గిల్లిన చోటల్లా గుంటలు. ఒక చోట రెండు కలిసి వేలి గోరంత పొడుగున గాటులాగే పడింది. వాడి దగ్గర అద్దం లేదు. వాడికి తెలియదు. చెప్పినా వాడేం చేయగలడు?

జమేదారు గాజు కన్ను కదలడం లేదు. రెండో కన్నే నా చెంప మీద తిరిగింది. మచ్చ చూసి ఆగాడు. రంగు పూశానేమోనని బొటనవేలికి ఉమ్మి రాసి గట్టిగా రుద్దాడు. తరవాత గోరుతో గీరాడు. నెత్తురు వచ్చింది. చర్మాన్ని రెండు వేళ్ళతో సాగదీసి, గుంట కోసం వెతికాడు.

"గాటు లేదు. పో" అని, పోయే ముందు కుడి చెంప మీద ఒకటి కొట్టాడు.

తరవాత పెద్దవూరవాడి గదవ పట్టాడు. వేలు చెంప మీద పోయి ఆ గుంటలో ఆగింది.

"యహీ హై, వీడే" అన్నాడు.

"నాకు వడిసెల రాదు దొరా! మొన్న మీరే సూసిండ్రు గద! ఇది మొటిమ దొరా, మొటిమ!"

వాణ్ణి షెడ్డులోకి ఈడ్చుకుపోయారు. వాడి అన్న పెరట్లో నుంచి అరుస్తూ పరిగెత్తుకొస్తే తుపాకీ మడమతో తల మీద కొట్టారు. అతను పడ్డాక కూడా కొట్టారు.

మిగిలిన గొర్లను తోలుకుంటూ మేము రోడ్డు ఎక్కాం. షెడ్డులోంచి కర్ర చప్పుడు, దాని వెంట వాడి కేక, మళ్ళీ చప్పుడు వస్తూనే ఉన్నాయి. కాసేపటికి చప్పుడు ఒక్కటే వచ్చింది. కేక రాలేదు.

"ఎనకకు సూడకు బిడ్డా" అన్నాడు నాయిన. వంకర చేత్తోనే తన గొంగడి తీసి నా తల మీద కప్పి, రెండు చెవులూ మూశాడు. లోపల ఉక్కగా, పాత చెమట వాసన. నాకు అత్త మాట గుర్తుంది. అయినా హుజూర్‌నగర్ దారి పట్టేదాకా దాన్ని తీయలేదు.

వారం తిరక్కముందే నుదుటి మీద మళ్ళీ మొటిమలు లేచాయి. నేను వాటిని ముట్టుకోలేదు.