తీగల బాబాయ్

ఆఫీసులో అందరూ ఆయన్ని తీగల బాబాయ్ అంటారు. అద్దాల గదిలో వరసగా నిలబెట్టిన సర్వర్లు ఒకదానికొకటి అందుతున్నాయో లేదో కనిపెట్టుకుని ఉండటం ఆయన ఉద్యోగం. ఇప్పుడా పని ఆయన రాసిన ప్రోగ్రామే చేసేస్తోంది. నిమిషానికోసారి ప్రతి సర్వర్‌నూ పలకరించి, ఏదైనా పలక్కపోతే వెంటనే ఆయనకు మెయిల్ పంపుతుంది. ఆఫీసులోనైనా ఇంట్లోనైనా చప్పుడు లేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టే ఆయన లెక్క. అందుకే పొద్దున్నే ఆ చల్లటి గదిలో స్వెట్టరు తొడుక్కుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఖాళీ ఇన్‌బాక్సును నిద్రపోతున్న పసిపిల్లను చూసినట్టు చూసుకుంటూ టీ తాగుతాడు.

గురువారం రెండో టీ తాగుతుండగా రిసెప్షన్ అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. "బాబాయ్, పొద్దున్నుంచి ఎవరికీ మెయిళ్లు రావడం లేదు."

"అలాంటిదేమైనా ఉంటే నాకు మెయిల్ వచ్చేదమ్మా," అన్నాడు తాపీగా. అన్నాక కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది.

మెయిల్ సర్వర్ వెనక ఊడిన తీగ బిగించగానే, 'మెయిల్ సర్వర్ పలకడం లేదు' అంటూ నూట ఎనభై మెయిళ్లు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. పాపం, ప్రోగ్రాము తన పని తాను చేస్తూనే ఉంది. ఆయన ఒక్కటీ వదలకుండా అన్నీ తెరిచి చదివాడు.

సాయంత్రం ఇంట్లో చొక్కా గుండీలు విప్పుకుంటూ, కథంతా భార్యకు చెప్పి కడుపుబ్బ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. మడత పెడుతున్న దుప్పటి పక్కన పడేసి, "నేను మీతో మాట్లాడటం మానేసి ఇవాళ్టికి నాలుగు రోజులు," అంది.