కట్ట విప్పినావా అమ్మా

మా లైబ్రేరియన్ సారు పోయారన్న కబురు నాకు ఆత్మకూరు బస్టాండులో, ఫోనులో వచ్చింది. కాలేజీ పత్రిక పని చూసే కొత్త లెక్చరరు పంపాడు. సారు ఉదయగిరిలో, ఇంట్లోనే పోయారనీ, మర్నాడు భూస్థాపన అనీ రాశాడు. దాని కిందే, మేడమ్, మీరు ఆయన శిష్యులు కదా, పత్రికకి రెండు పేజీలు రాసివ్వండి, చివర్లో ఆయన రచనల జాబితా వేద్దాం, అని అడిగాడు. బస్సు కోసం చూస్తూ నిలబడిన చోటే నేను జవాబు కొట్టాను. రాస్తాను కానీ జాబితా అక్కర్లేదు, సారు జీవితంలో ఒక్కటీ రాయలేదు, అందరివీ దిద్దడంతోనే సరిపోయింది, అని.

ఆ జవాబు తప్పు. అది ఎంత తప్పో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు రాసేవాళ్లు కూడా కాస్త మంచివాళ్లుగా కనిపిస్తుంటారు. ఇందులో ఆ సౌకర్యం నాకు లేదు.

సారు మా డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్లు పనిచేశారు. నేను అక్కడే చదువుకుని, అక్కడే తెలుగు లెక్చరరుగా చేరాను. రిటైరయ్యాక ఆయన ఉదయగిరిలో సొంతింటికి వెళ్లిపోయారు. కానీ మర్రిపాడు నుంచి సంగం దాకా మా వైపు ఎవరు పిహెచ్‌డి చేసినా, థీసిస్ అచ్చుకి పోయే ముందు ఆ ఇంటి వరండా మెట్లు ఎక్కాల్సిందే. ఆయన రమ్మని ఎవర్నీ పిలవలేదు. యూనివర్సిటీ వాళ్లు వెనక పేజీలు బాగాలేవని ఒకరిద్దరివి తిప్పి పంపారు. ఆ భయంతో జనమే పోయేవాళ్లు.

థీసిస్‌లో ఏముందో ఆయన చదివేవారు కాదు. తిన్నగా చివరికి పోయి, మనం ఏయే పత్రికల్లో ఎవరెవరి వ్యాసాలు వాడుకున్నామో ఆ జాబితా తెరిచేవారు. రాసినవాళ్ల పేరు, వ్యాసం పేరు, పత్రిక పేరు, సంపుటి, సంచిక, సంవత్సరం, పేజీలు. ఒక్కో వ్యాసానికి ఈ ఏడూ ఉండాలి. "ఏడుండాల. ఆరుంటే అది పుకారు" అనేవారు.

ఆయన పద్ధతి ఒకటే. జాబితాలో ఎన్ని వ్యాసాలుంటే అన్నింటి మొదటి పేజీ జెరాక్సులు, వరస నంబర్లు వేసి, పురికొసతో కట్ట కట్టి తీసుకుపోవాలి. ఆయన చేతులు కడుక్కుని వచ్చి కట్ట విప్పేవారు. కాగితం ఉంటే జాబితాలో ఆ నంబరు పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు. లేకపోతే ఆ వరసంతా అడ్డంగా కొట్టివేత. అంతే. టిక్కు పడిందంటే మనం రాసింది సరిగ్గా ఉందని కాదు, కాగితం ఉందని మాత్రమే. సరిగ్గా ఉందో లేదో ఇంటికి పోయి మనమే చూసుకోవాలి. ఎక్కడ తప్పుందో చెప్పండి సార్ అని అడిగితే, "నేను చెప్తే రేపు నువ్వు నన్ను చూపిస్తావు. కాయితాన్ని చూపించు" అనేవారు. పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే ఏమవుతుందని ఎవరో అడిగినప్పుడు, "ఆ రాసినామె నీ ఎదురుగా కూర్చోనుంటే పేరు తప్పు పిలుస్తావా?" అన్నారు.

మనిషి దయలేనివాడు. ఈ మాట ఆయన ఉండగానే అందరం అన్నాం, ఇప్పుడు దాచడమెందుకు. కలిగిరి నుంచి ఒక హైస్కూలు మాస్టారు వచ్చేవాడు. నలభై దాటాక పిహెచ్‌డి పెట్టుకున్నాడు. ఒకసారి భార్యను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని, స్వీట్ల పెట్టెతో వచ్చాడు, ఈ పూటతో పని అయిపోతుందనుకుని. సారు పిల్లలకు బిస్కెట్లు ఇప్పించి, వాళ్ల ఎదురుగానే వాళ్ల నాయన జాబితాలో పద్దెనిమిది వరసలు కొట్టేశారు. కొట్టేసి, "ఇది నువ్వు రాసింది కాదు నాయనా. ఇంకోడు రాసుకుంటే నువ్వు కాపీ ఎత్తినావు. నీ కొడుకు స్కూల్లో ఇట్టా చేస్తే నువ్వే గదా కొట్టేది?" అన్నారు. ఆ పిల్లవాడు బిస్కెట్టు తినడం ఆపేశాడు. మాస్టారు కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు. తర్వాత నాలుగు నెలలు ఆదివారాలన్నీ తిరుపతి యూనివర్సిటీ లైబ్రరీకి పోయే బస్సుల్లో గడిపి ఆ పద్దెనిమిదీ తెచ్చుకున్నాడు.

ఇక నా సంగతి. మా పడమటి పల్లెల్లో ఒక్కో పని చేసేవాళ్లు వాడే మాటల మీద నా పరిశోధన. జాబితాలో వ్యాసాలు డెబ్బైకి పైనే. అన్నింటికీ జెరాక్సులు ఉన్నాయి, నలభై మూడో నంబరుకు తప్ప. అది చెరువుల దగ్గర గూడేల్లో చేపలు పట్టేవాళ్ల మాటల మీద ఒక పాత వ్యాసం. దాన్ని నేను కంటితో చూడలేదు. నాకన్నా ముందు ఎవరో రాసిన థీసిస్ చివర కనిపిస్తే, అక్కడున్నట్టే ఎత్తి రాసుకున్నాను. రాసినవారి పేరు దగ్గర యూనివర్సిటీలో ఒక పెద్ద ప్రొఫెసరు పేరు ఉంది. ఒక్కదాని కోసం తిరుపతి ఎవరు పోతారని బద్ధకం.

ఆ రోజు సారు నలభై రెండుకి టిక్కు పెట్టి, నలభై మూడు దగ్గర ఆగారు. జెరాక్సు ఏదని అడిగారు. యూనివర్సిటీ లైబ్రరీలో చదివాను సార్, అక్కడి మిషను చెడిపోయి ఉండింది, అని చెప్పాను.

"చదివినావా?"

"చదివినాను సార్."

"ఎట్టుండాది?"

బాగుండాది సార్, పదాలు బాగా సేకరించినాడాయన, అన్నాను. అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. ఆయన పెన్సిలు పక్కన పెట్టి, "ఎవురెవురు చెప్పినారో వాళ్ల పేర్లు వేసినాడా?" అని అడిగారు. ఆయనకు ఎప్పుడూ లోపాలే కావాలి కదా, ఒకటి చూపిస్తే నిజంగా చదివినట్టు నమ్ముతాడని నాకు తోచింది. "లేదు సార్. అదొక్కటే లోటు" అన్నాను.

సారు కట్టను తన వైపు జరుపుకున్నారు. లోపలికి పోయి అమ్మ దగ్గర టీ తాగి రమ్మన్నారు. అమ్మంటే ఆయన భార్య. మేమందరం అట్లాగే పిలుస్తాం. టీ తాగి వచ్చేసరికి కట్ట మళ్లీ బిగించి కట్టేసి ఉంది. నలభై మూడు పక్కన ఎర్ర టిక్కు ఉంది. కలిగిరి మాస్టారికి లేని దయ నాకు దొరికిందని లోపల పొంగిపోయాను. "ఇంటికి పోయి కట్ట విప్పు. అక్షరం అక్షరం చూసుకున్నాకనే టైపింగుకి ఇయ్యి" అన్నారు. సరే సార్ అన్నాను. ఆత్మకూరులో బస్సు దిగి నేరుగా డీటీపీ షాపుకి పోయి జాబితా ఇచ్చేశాను. కట్టను ఇంట్లో బీరువా మీద పెట్టాను. అప్పుడు నేను కల్పించిన ఆ లోటు నాకే బాగా నచ్చి, థీసిస్ రెండువందల పద్నాలుగో పేజీలో ఒక వాక్యం కూడా చేర్చాను: వ్యాసకర్త పదాలను సేకరించారే గాని, చెప్పినవారి వివరాలు ఇవ్వలేదు.

డిగ్రీ వచ్చింది. దాన్ని చూపించే ప్రమోషనూ వచ్చింది. ఆ తర్వాత సారు ఎక్కడ కనిపించినా, కాలేజీ వార్షికోత్సవంలోనో, సంగంలో ఎవరిదో పెళ్లిలోనో, నన్ను పక్కకు పిలిచి ఒకటే అడిగేవారు. "కట్ట విప్పినావా అమ్మా?" విప్పినాను సార్ అనేదాన్ని. తల ఊపి వెళ్లిపోయేవారు. ముసలాయన చాదస్తం అని మా స్టాఫ్‌రూములో చెప్పి నవ్వించాను కూడా.

భూస్థాపనకు ఉదయగిరి పోయాను. ముప్పై మంది కూడా రాలేదు. పాస్టరుగారు వాక్యం చదివి, అధ్యాయం నంబరు తప్పు చెప్పారు. సారు ఉంటే ఆరాధన మధ్యలోనే లేచి నిలబడేవారు. నా వెనకాల ఎవరో, పైన కూడా పేజీ నంబర్లు అడుగుతుంటాడులే అని గొణిగితే ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వనివాడు కలిగిరి మాస్టారొక్కడే. ఇప్పుడు హెడ్మాస్టరు. సమాధి మీద మట్టి వేసి వచ్చి, నా పక్కన నిలబడి, "నా బిడ్డల ముందర నన్ను ఏడిపించినాడు మేడమ్. కానీ నా లిస్టు మీద ఈరోజు దాకా ఎవురూ వేలు పెట్టలా" అన్నాడు.

అందరూ పోయాక అమ్మ దగ్గర కూర్చున్నాను. మాటల్లో, కాలేజీ వాళ్లు సారు రచనల జాబితా అడిగారనీ, ఏమీ లేవని చెప్పాననీ అన్నాను. అమ్మ నా ముఖంలోకి చూసింది.

"ఒకటి రాసినాడు గదమ్మా, మా పెళ్లయిన కొత్తల్లో. సైకిలేసుకోని గూడెం గూడెం తిరిగి రాసినాడు. నీకిచ్చినానని చెప్పినాడే. నీ కట్టలో పెట్టినానని."

ఇంటికి వచ్చి బీరువా మీది కట్ట దించాను. ముడి పడిపోయి రాలేదు, కత్తెరతో కోశాను. నలభై రెండు తర్వాత నేను పెట్టని కాగితాలు రెండు ఉన్నాయి. మొదటిది ఆ వ్యాసం మొదటి పేజీ. నేను రచయితగా వేసిన ఆ ప్రొఫెసరు పేరు అక్కడ లేకపోలేదు. పైన, పత్రిక పేరు పక్కన, సంపాదకుడు అని ఉంది. వ్యాసం పేరు కింద ఉన్నది మా సారు పేరు. అట్ట మీద సంపాదకుడి పేరు చూసి ఎవరో ఒకప్పుడు ఆయనే రాశాడనుకుని వేశారు, దాన్ని చూసి ఇంకొకరు, వాళ్లను చూసి నేను. తప్పు నాతో మొదలవలేదు. నేను కట్ట విప్పి ఉంటే నాతో ఆగిపోయి ఉండేది.

రెండో కాగితం ఆ వ్యాసం చివరి పేజీ. ఆయన ఎవరినీ చివరి పేజీ అడగగా నేను చూడలేదు, ఆయన నియమం మొదటి పేజీయే. అందులో ఆ మాటలు చెప్పినవాళ్ల జాబితా ఉంది. పదకొండు మంది ఆడవాళ్లూ మగవాళ్లూ, ఒక్కొక్కరి పేరు, ఊరు, ఏ రోజు చెప్పారో. చదువు రానివాళ్ల పేర్లను అంత శ్రద్ధగా అచ్చేసినవాళ్లను నా పరిశోధన మొత్తంలో నేను ఇంకొకరిని చూడలేదు. కాగితాల మీద ఆయన ఒక్క మాట కూడా రాయలేదు. తన పేరు కింద ఒక ఎర్ర గీత, ఆ పదకొండు పేర్ల పక్కన ఒక ఎర్ర గీత గీశారు. తన నోటితో నాది అని చెప్పుకోవడం ఆయనకు రాదు. కాగితాన్ని చూపించారు.

నా థీసిస్ ఇంటర్నెట్‌లో ఉంది. నా దగ్గర పరిశోధన చేసిన ముగ్గురు పిల్లలు ఆ వరసనూ, ఆ వాక్యాన్నీ నా నుంచే ఎత్తుకున్నారు. అడిగితే, మీది చూసే వేసినాం గదా మేడమ్ అన్నారు. యూనివర్సిటీకి పోయి, ఆ పేజీ దిద్దాలి, దరఖాస్తు ఎట్లా అని అడిగాను. ఆ సెక్షను గుమాస్తా నెమ్మదస్తుడు. అసలు రచయిత వచ్చి ఫిర్యాదు రాసి సంతకం పెట్టాలన్నాడు. ఆయన చనిపోయారని చెప్పాను.

"అయితే ఇంక అభ్యంతరం పెట్టేవాళ్లు లేనట్టే గదా మేడమ్" అన్నాడు.

చదవని వ్యాసాన్ని చదివానని రాశాననీ, లేని లోటు అంటగట్టాననీ, నా మీద నేనే ఫిర్యాదు రాసి అక్కడే ఇచ్చి వచ్చాను. దాంతో నా డిగ్రీ ఏమవుతుందో, ప్రమోషను ఏమవుతుందో తెలియదు. జవాబు రాలేదు. మా ఇంట్లో వాళ్లకు నా మీద కోపంగా ఉంది.

ఈ రెండు పేజీల్లో సారు పేరు ఎక్కడా రాయలేదని మీరు గమనించి ఉంటారు. ఆయన పేరు ఉండాల్సిన చోటు ఇది కాదు. ఆ నలభై మూడో వరసలో వేయకుండా ఇక్కడ వేస్తే ఆయన దీన్ని కూడా అడ్డంగా కొట్టేస్తారు.

చివరిసారి ఆయన్ని చూసిన రోజు సంగతి మిగిలింది. పోవడానికి రెండు నెలల ముందు, మంచం పట్టారని తెలిసి పండ్లు తీసుకుని వెళ్లాను. మాట తడబడుతోంది. నన్ను గుర్తుపట్టి దగ్గరికి రమ్మన్నారు.

"కట్ట విప్పినావా అమ్మా?"

"విప్పినాను సార్. అప్పుడే విప్పినాను."

"అంతా చూసినావా?"

"అంతా చూసినాను సార్."

ఇప్పుడు ఆ జవాబు ఆయన చెవులతో విన్నట్టు వింటున్నాను. మీ పేరు చూశాను, ఆ పదకొండు పేర్లూ చూశాను, చూసే వదిలేశాను. ఇన్నేళ్లూ నేను ఆయనకు చెప్పింది అదే. నేను విప్పలేదని ఒక్కసారి నిజం చెప్పి ఉంటే ఆయన నన్ను తిట్టి, ఇంటికి పంపి విప్పించేవారు. ఆ రోజు మంచం దగ్గర నుంచి నేను వచ్చేశాక, ఇంక ఎవరి కట్టలూ తీసుకోవద్దని అమ్మతో చెప్పారట. గేటు దాకా వచ్చినవాళ్లను అమ్మ అక్కడి నుంచే పంపేసింది.

ఆయన తిట్టలేదు. సరేనని మెల్లగా గోడవైపు తిరిగారు. తిరిగి, చేయి ఎత్తి, చూపుడువేలి గోరుతో ఆ సున్నం గోడ మీద ఒక టిక్కు గీశారు. సున్నం కొంచెం దుప్పటి మీద రాలింది. అది చూసి నేను సంతోషంగా ఆత్మకూరు బస్సెక్కాను.