మా ఓడిన జట్టు డ్రైవర్ బాబాయి

మా డ్రైవర్ బాబాయి పోయారు. మొన్న సోమవారం పొద్దున నేను ఇక్కడ గల్ఫ్‌లో, జెబెల్ అలీలో ఆఫీసుకి వెళ్తుంటే ఆయన రూమ్మేట్ ఫోన్ చేశాడు. "సార్, మీ బాబాయి లేస్తలేడు. డ్యూటీకని లేపబోతే ఒళ్ళంత సల్లవడ్డది" అన్నాడు.

ఆయన నాకు చుట్టం కాదు. అజ్మాన్‌లో నేను చదివిన కాలేజీలో బస్సు నడిపేవారు. కోనసీమ మనిషి. నేను తెలుగువాణ్ణని తెలిసిన రోజే "ఆయ్, అయితే మా బాబే" అని ముందు సీటు నాకు రాసిచ్చేశారు. మీలో ఎవరికీ ఆయన తెలియరు. ఆయన గురించి ఎవరూ రాయరు కూడా. ఈ నాలుగు ముక్కలూ ఆయన బతికుండగా ఆయనతోనే చెప్పాల్సినవి. చెప్పలేకపోయాను కాబట్టి మీకు చెబుతున్నాను.

కరోనా తగ్గి కాలేజీ తెరిచాక మా లెక్చరర్ ఒకాయనకి అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. క్రికెట్ తప్ప ఇంకోటి ఎరగని మాకు హెల్మెట్లు పెట్టి, భుజాలకి దిండ్లలాంటివి కట్టి మైదానంలోకి తోశారు. పొడుగ్గా ఉన్నానని నన్ను కెప్టెన్ని చేశారు. అంతకు మించి నాకు అర్హత లేదు. ఆ సీజన్‌లో ఏడు ఆటలు. ఏడూ ఓడిపోయాం.

ఆ బంతిని మొదటిసారి చేతిలోకి తీసుకుని బాబాయి అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది బంతేంటండి బాబూ, ఒలిచిన కొబ్బరికాయ" అన్నారు. కుర్రతనంలో ఆయన లారీలకి కొబ్బరికాయలు ఎత్తిన మనిషి. మూడో ఆటలో మా మలయాళీ కుర్రాడు పరిగెడుతూ మూడుసార్లు బంతి జారవిడిచాడు. తిరిగొచ్చేటప్పుడు బాబాయి బస్సు ఓ పక్కకి ఆపి, వాణ్ణి కిందికి దించి, వచ్చీరాని హిందీలో పాఠం చెప్పారు. తర్వాత నాకు తెలుగులో విడమరిచారు. "వేళ్ళతో పట్టుకుంటే జారిపోద్ది. పొట్టకి ఆనించుకోవాలి, పసిపిల్లోణ్ణి ఎత్తుకున్నట్టు." లెక్చరర్ నెలరోజులు లాప్‌టాప్‌లో చూపించినా మాకు ఎక్కనిది ఆ రోడ్డు పక్కన ఎక్కింది. ఆ తర్వాత వాడు బంతి జారవిడవలేదు. అయినా ఓడాం, అది వేరే సంగతి.

ఆట అయ్యాక బస్సు దగ్గరికి వస్తే నారింజరంగు క్యానులో నిమ్మకాయ నీళ్ళు ఉండేవి. ఉప్పు కొంచెం ఎక్కువే వేసేవారు. ఎన్ని పాయింట్లతో ఓడారని ఒక్కసారీ అడగలేదు. అందరూ తాగేదాకా స్టీరింగ్ ముట్టేవారు కాదు. "ఇంకా ఉన్నాయి కదండీ ఆటలు" అనేవారు. ప్రతిసారీ అదే మాట. దాన్ని మేం వెక్కిరించేవాళ్ళం, ఇంట్లో కూడా వాడుకునేవాళ్ళం.

ఆరో ఆట అయ్యాక కాలేజీవాళ్ళు తేల్చి చెప్పేశారు. చివరిది కూడా ఓడితే జట్టు ఖలాస్.

ఆ చివరి ఆట ముగియడానికి నిమిషం కూడా లేదు. నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. మలయాళీ కుర్రాడు బంతి పొట్టకి అదుముకుని పరుగందుకున్నాడు. అవతలి గీత దాటితే ఆరు పాయింట్లు, గెలుపు మాదే. వాడు దాటాడు కూడా. మేం ఎగిరి గంతేశాం. అప్పుడు చూశాం, గడ్డి మీద పసుపు గుడ్డ. ఈ ఆటలో ఎవరైనా తప్పు చేస్తే రిఫరీ ఆ గుడ్డ విసురుతాడు. పరుగెత్తే జట్టు తప్పుకి గుడ్డ పడితే ఆ పరుగు లెక్కలోకి రాదు.

గుడ్డకి నాలుగడుగుల దూరంలో మా బాబాయి ఉన్నారు. రెండు చేతుల్లో నీళ్ళ సీసాలు. కుర్రాడితో పాటు తనూ పరిగెడుతూ, ఆనందం పట్టలేక, సున్నపు గీత దాటి లోపలికి వచ్చేశారు. అందరూ ఆయన్నే చూశారు.

రిఫరీ నా దగ్గరికి వచ్చి, కెప్టెన్ని కదా, నాకొక్కడికే వినపడేలా చెప్పాడు. తప్పు నాది. కుర్రాణ్ణి అందుకోబోతున్న అవతలివాడి చొక్కా వెనకనుంచి పట్టుకుని లాగాను. లాగానని నాకు తెలుసు. లెక్చరర్ వచ్చి "ఏమన్నాడు?" అని అడిగారు. నేను బాబాయి వైపు చూశాను. అంతే. నోటితో అబద్ధం ఆడలేదు.

"బస్సు నడిపేవాడికి గ్రౌండ్‌లో ఏం పని?" అని ఎవడో హిందీలో అరిచాడు. బస్సు దగ్గర బాబాయి నన్ను పక్కకి పిలిచారు. "నా వల్లే కదండీ బాబూ?" అన్నారు. నేను గ్లాసు అందుకుని నీళ్ళు తాగాను. ఆ రోజు ఆయన ఇంకా ఆటలున్నాయని అనలేదు. మరి లేవు కదా.

జట్టు తీసేశారు. నేను చదువు ముగించి ఉద్యోగంలో పడ్డాను. రెండు నెలల కిందట జెబెల్ అలీలో ఒక కంపెనీ బస్సు దిగుతూ కనపడ్డారు, సగమైపోయి. నా చెయ్యి వదల్లేదు. "ఆ రోజు నేను కుదురుగా ఉండుంటే మీ జట్టు నిలిచేది కదండీ" అన్నారు. చెప్పేయొచ్చు. చుట్టూ ఎవరూ లేరు, పోయేది కూడా ఏమీ లేదు. "పోనీలే బాబాయ్, పాత సంగతి. మేమెవరమూ మనసులో పెట్టుకోలేదు" అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నా తప్పుకి ఆయన్ని క్షమించి ఆఫీసుకి వెళ్ళిపోయాను. ఇంతకన్నా సిగ్గుపడాల్సిన పని నేను చేయలేదు.

ఆయన దేహాన్ని ఊరికి పంపాక, సామాను సర్దడానికి రమ్మంటే పనివాళ్ళుండే క్యాంపులో ఆయన గదికి వెళ్ళాను. రూమ్మేట్ నన్ను ఆయన మంచం మీదే కూర్చోబెట్టాడు.

"మీరు మాఫ్ చేసినరని ఆ దినం రూమ్ రూమ్ తిరిగి చెప్పిండు సార్. మా బాబు ఏమనుకోలేదంట అని. నిమ్మకాయ నీళ్ళు కలిపి అందరికి తాపిండు."

నేను తల వంచుకున్నాను. మంచం కింద ఆ నారింజరంగు క్యాను, కడిగి బోర్లించి ఉంది.